ఇరవై నాలుగు వేలు పెట్టి నిమ్మకాయ వాసనా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 31, బ్యాంకులో ఉద్యోగం. భర్తదీ ఉద్యోగమే, ఇంటి లోను నడుస్తోంది. కిందటేడు డాలస్ నుంచి పెళ్లికి వచ్చిన పెదనాన్నగారి అమ్మాయి రాసుకున్న సెంటు ఈమెకు తెగ నచ్చేసింది. బెర్గమోట్ అనే నిమ్మ జాతి కాయ, నిమ్మ, నారింజ పూలు కలిసిన వాసన. అక్కనడిగి పేరు తెలుసుకున్నారు. ఇక్కడి మాల్‌లో 50 మిల్లీలీటర్ల సీసా రూ. 24,500. మూడుసార్లు వెళ్లి చేతి మీద కొట్టించుకుని వచ్చారు. "మొదటి పావుగంట ప్రాణం లేచొస్తుంది. ఇంటికి చేరేసరికి ఏమీ ఉండదు" అని రాశారు. షాపులో అమ్మాయి "మీది డ్రై స్కిన్ మేడమ్, అందుకే" అందట.

అదే సీసా ఆన్‌లైన్‌లో ఒకచోట రూ. 9,500కి కనిపించింది. ఆఫీసులో స్నేహితురాలు, దీనికి కాపీ 1,800కే వస్తుంది, ఎవరూ తేడా కనిపెట్టలేరు అంటోంది. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు చార్మినార్ దగ్గర ఒక అత్తరు కొట్లో అడిగితే, తులం 600కి అదే వాసన నూనెలో చేసిస్తామన్నారట. భర్త మాత్రం నవ్వి, "ఇరవై నాలుగు వేలు పెట్టి నిమ్మకాయ వాసన కొంటావా? ఆ డబ్బుకి బస్తాల కొద్దీ నిమ్మకాయలే వస్తాయి" అన్నారు. ఈసారి బోనస్ 62,000 వచ్చింది, సగం చీటీకి పోయింది, మిగతాది ఆమె చేతిలో ఉంది. కొనేసి, ఇంట్లో నాలుగు వేలని చెప్పేద్దామా అని ఒక ఆలోచన. "కొనాలా వద్దా అన్నది తర్వాత. అది అంత ధర చేస్తుందా, లేక నాకు పిచ్చా? అది తేలితే చాలు" అని ముగించారు.

సమాధానం:

మీకు పిచ్చేమీ లేదు. అయితే మీరు ఎనిమిది గంటలు నిలవాల్సిన వస్తువుకు ధర కడుతున్నాననుకుంటున్నారు. అక్కడ అమ్ముతున్నది పావుగంట వస్తువు. ముందు ఆ పావుగంట సంగతి చూద్దాం.

రాత్రి కరెంటు పోయినప్పుడు ఒక నారింజ తొక్క ముక్క తీసుకుని, కొవ్వొత్తి మంటకు జానెడు దూరంలో, రంగు ఉన్న వైపు మంటకేసి ఉండేలా మడిచి గట్టిగా నొక్కండి. సన్నటి తుంపర ఎగిరి మంటలో చిటపటా మెరుస్తుంది. మీరు కొనాలనుకుంటున్నదీ ఆ తుంపర జాతి నూనే. అందులో ఎక్కువ భాగం లిమోనీన్ అనే పదార్థం. దాని అణుభారం 136. సెంట్లలో గంటల తరబడి నిలిచే గెలాక్సొలైడ్ వంటి కస్తూరి రకం పదార్థం అణుభారం 258. తేలికది ముందు ఎగిరిపోతుంది, బరువైనది చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. ఎంత గొప్ప కంపెనీ అయినా, ఎంత ధర పెట్టినా లిమోనీన్‌కు బరువు పెంచలేదు. నిమ్మ జాతి వాసన చర్మం మీద ఉండేది ఇరవై నిమిషాల నుంచి గంట లోపు. నారింజ పూల నూనె, నెరోలి అంటారు, ఇంకాస్త ఉంటుంది. ఆ తర్వాత మీకు తగిలేది నిమ్మ కాదు, దాని కింద పరిచిన మరో వాసన.

అంటే తప్పు మీ చర్మానిది కాదు. పొడి చర్మం మీద ఏ సెంటైనా కొంచెం త్వరగా పోతుంది, నిజమే. స్నానం అయ్యాక వాసన లేని మాయిశ్చరైజరో, బఠాణీ గింజంత వాజిలీనో రాసి, దాని మీద కొడితే ఒక గంట అదనంగా వస్తుందేమో. రెండు గంటలది ఎనిమిది గంటలు కాదు. పైగా విశాఖ ఉక్కలో చర్మం వేడిగా ఉంటుంది, చెమట పడుతుంది. పై వాసన ఇంకా వేగంగా లేస్తుంది.

ఇంకో చిక్కుంది. "ఇంటికి చేరేసరికి ఏమీ ఉండదు" అన్నారు. ఉండదా, మీకు తెలియడం లేదా? మనం రాసుకున్న వాసనకు మన ముక్కు అరగంటలో అలవాటు పడిపోతుంది. కింద పరిచే కస్తూరి రకాల్లో కొన్నిటిని కొందరి ముక్కులు మొదటి నుంచే పట్టుకోలేవు. కాబట్టి ఈసారి ఇంటికి వెళ్లాక మీరు చూసుకోకుండా, చెయ్యి ఇంట్లో ఎవరి ముక్కు దగ్గరైనా పెట్టి అడగండి. వాళ్లకు తెలుస్తోందంటే డబ్బు పూర్తిగా ఆవిరి కాలేదన్నమాట. అయితే వాళ్లకు వస్తున్న వాసన, మీరు ప్రేమించిన ఆ పావుగంట వాసన ఒకటేనా అని కూడా అడగాలి. కాదనే చెబుతారు.

ఇప్పుడు ధర. బెర్గమోట్ అనేది నిమ్మ, నారింజల చుట్టం. ప్రపంచంలో వచ్చే బెర్గమోట్ నూనెలో చాలా భాగం ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియాలో, రెజ్జో పట్టణం చుట్టుపక్కల సముద్రతీరపు తోటల నుంచే వస్తుంది. కోత నవంబరు నుంచి మార్చి దాకా. సుమారు 200 కిలోల కాయల తొక్క పిండితే కిలో నూనె. నెరోలి ఇంకా ఖరీదు. ట్యునీసియా, మొరాకోల్లో చేదు నారింజ చెట్ల పూలను చేత్తో కోసి ఆవిరి పట్టిస్తారు, టన్ను పూలకు కిలో అటూ ఇటూ. మీవారు చెప్పిన బస్తాల నిమ్మకాయలతో ఇది రాదు. ఆ మాట వరకు ఆయనకు చెప్పొచ్చు.

కానీ ఈ లెక్క చూపించి 24,500 న్యాయమే అనిపించుకోకండి. ఓ ద పర్ఫ్యూమ్ అని రాసిన సీసాలో వాసన పదార్థం 15 నుంచి 20 శాతం, మిగతాది ఆల్కహాలు. 15 శాతం అనుకుంటే 50 మిల్లీలీటర్లలో ఏడున్నర గ్రాములు. అందులో పదో వంతు అసలు నెరోలి పోశారనీ, దాని ధర కిలో 5 లక్షలనీ ఉదారంగా అనుకుందాం. ముప్పావు గ్రాముకు 375 రూపాయలు. మిగతా ఆరున్నర, ఏడు గ్రాములు కిలో 20 వేల సరుకు అనుకున్నా 135. మొత్తం 510. ఆల్కహాలు ఖర్చు లెక్కలోకి రాదు. రెట్టింపు వేసినా సీసాలోని ద్రవం వెయ్యి చుట్టుపక్కలే. మిగతాదంతా గాజు, మూత, పెట్టె, ప్రకటన, సుంకం, పన్ను, మాల్ అద్దె, లాభం. ఇదేమీ రహస్యం కాదు. పట్టుచీర కొన్నప్పుడు పట్టుకూ జరీకీ మగ్గానికీ సింహభాగం పోతుంది. ఇక్కడ సింహభాగం కంపెనీ పేరుకే పోతుంది.

మరి చవక దానికీ దీనికీ తేడా లేదా? ఉంది, రెండు చోట్ల. ఒకటి మొదటి పది నిమిషాలు. పిండిన అసలు నూనెలో వందల పదార్థాలు కొద్దికొద్దిగా ఉంటాయి. కాపీ చేసేవాళ్లు అసలు సెంటును, అందులోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రోమటోగ్రఫీ యంత్రంలో పెట్టి చదువుతారు. కృత్రిమ పదార్థాలు ఇట్టే దొరికిపోతాయి. సహజ నూనెల చోట మాత్రం నారింజ నుంచి వచ్చే టెర్పీన్లనే చవక పదార్థాలు, విడిగా తయారైన లినలిల్ ఎసిటేట్ అనే రసాయనం పోసి సరిపెడతారు. అందుకే కాపీల్లో మొదట ఒక గరుకుతనం, గిన్నెలు తోమే సబ్బు ఛాయ తగులుతుంది. (మనకు నిమ్మ అనగానే సబ్బు గుర్తురావడంలో ముక్కు తప్పేమీ లేదు. అంట్ల సబ్బులోనూ నేల తుడిచే ద్రవంలోనూ ఇవే పదార్థాలు పోస్తారు.) రెండోది అతుకు. నిమ్మ వెళ్లిపోతూ కింది వాసనకు చోటిచ్చే ఆ అరగంట. బాగా చేసినదానిలో ఎక్కడ తెగిందో తెలియదు, నిమ్మ తగ్గుతుంటే పూలు పైకొస్తాయి. చవకదానిలో నిమ్మ ఠక్కున ఆగి, ఉతికిన బట్టల వాసన ఒకటి మిగులుతుంది. 1966లో వచ్చిన ఓ సొవాజ్ అనే ఫ్రెంచి సెంటులో హెడియోన్ అనే పదార్థాన్ని వాడింది ఇలాంటి చోటే. మల్లె జాతి గాలి లాంటి వాసన, నిమ్మ పోయినా తాజాదనం పోలేదనిపిస్తుంది. ఈ ఉపాయం ఇప్పుడు మధ్యరకం ధరల్లో కూడా ఉంది. అన్ని వేలు పెడితేనే అతుకు బాగుంటుందన్న రూలు లేదు.

దీని వంశం కూడా గుర్తుంచుకోండి. ఇటలీ నుంచి జర్మనీలోని కొలోన్ నగరానికి వెళ్లిన ఫరీనా కుటుంబం 1709లో అక్కడ కొట్టు పెట్టింది. బెర్గమోట్, నిమ్మ, నారింజ, నెరోలి, మూలికలు కలిపిన పల్చటి సెంటుకు ఆ ఊరి పేరే వచ్చింది. మన ఇళ్లలో జ్వరం వస్తే గుడ్డ తడిపి నుదుటి మీద వేసిన ఓడికొలోన్ ఇదే. వాసన పదార్థం రెండు నుంచి ఐదు శాతమే. చుక్క పెట్టుకోవడానికి కాదు, దోసిట్లో పోసి మెడకూ చేతులకూ పట్టించి, మధ్యాహ్నం మళ్లీ పట్టించడానికి చేసింది. మీరు మోజుపడ్డ సీసా దీని మనవరాలే. బామ్మ లీటర్ల లెక్కన వాడమంది, మనవరాలు యాభై మిల్లీలీటర్లకు పాతిక వేలడుగుతోంది.

కొంటే ఖర్చు ఎలా పడుతుందో చూడండి. ఒక నొక్కుకు దాదాపు 0.1 మిల్లీలీటరు. సీసాకు 500 నొక్కులు, నొక్కుకు 49 రూపాయలు. పొద్దున నాలుగు, లంచ్ తర్వాత మూడు కొట్టుకుంటే రోజుకు 343, సీసా 71 రోజుల్లో ఖాళీ. రోజూ వాడేదానిగా ఇది ఇంటి లోను ఉన్నవాళ్లకు తగదని నా అభిప్రాయం. వారానికి రెండుసార్లు, ఆరేసి నొక్కులు మాత్రమే వాడితే తొమ్మిది, పది నెలలు వస్తుంది. అప్పుడది ఏడాదికొక చీర లాంటి ఖర్చు.

రూ. 9,500 సీసా జోలికి మాత్రం వెళ్లకండి. దిగుమతి సరుకు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ ఉన్న లేబులు చట్ట ప్రకారం ఉండాలి. పెట్టె అడుగున ఉన్న బ్యాచ్ నంబరు, సీసా అడుగున ఉన్న నంబరు ఒకటే అయి ఉండాలి. లేబులు లేదంటే దొడ్డిదారి సరుకు. అసలుదే అయినా ఎంతకాలం ఏ వేడి గోదాంలో ఉందో తెలియదు, తేడా వస్తే అడగడానికి మనిషి ఉండడు. నిమ్మ జాతి సెంట్లకు ఇదే పెద్ద ప్రమాదం. లిమోనీన్ గాలి తగిలితే ఆక్సీకరణం చెంది టర్పెంటైన్, వార్నిష్ వాసనకు తిరుగుతుంది. అలా చెడిన లిమోనీన్ కొందరి చర్మానికి దురద, దద్దుర్లు తెస్తుంది. చెడకుండా ఆపే బీహెచ్‌టీ వంటి రసాయనాలు కలిపి ఆలస్యం చేస్తారు గానీ ఆపలేరు. మాల్‌లో టెస్టర్ కూడా నెలల తరబడి దీపాల కింద నిలబడి ఉంటుంది. మీరు చూసిన మూడుసార్లూ ఒకే పాత టెస్టర్ అయితే, కొత్త సీసా పై వాసన అంతకన్నా బాగుండే అవకాశం ఉంది. కొత్తది తీసి చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

చార్మినార్ తులం సంగతి. అత్తరంటే చులకన వద్దు. కానీ ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పద్ధతి అత్తరు గులాబీ, మొగలి, వట్టివేరు లాంటివి చందన నూనెలోకి ఆవిరి పట్టించి తీసేది. నిమ్మ తొక్క తాజా వాసన ఆ దారిలో రాదు, పిండాల్సిందే. కాబట్టి వాళ్లిచ్చేది సెంటు కంపెనీల కాపీ నూనె. ఆల్కహాలు లేదు కనుక నిమ్మ పైకి లేచి ముక్కుకు తగలదు, చర్మానికి అంటుకుని ముడుచుకుపోతుంది. ఒకవేళ మంచి మనసుతో అసలు బెర్గమోట్ నూనే పోశారనుకోండి, అది ఇంకా చిక్కు. పిండిన బెర్గమోట్ నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది రాసుకున్న చోట ఎండ తగిలితే నల్లమచ్చలు పడతాయి, నెలలు పోవు. అందుకే ఒంటికి రాసుకునే సెంట్లలో ఈ పిండిన నూనెను 0.4 శాతం మించనివ్వకూడదని పరిశ్రమ నియమం, పెద్ద కంపెనీలు బెర్గాప్టెన్ తీసేసిన నూనె వాడతాయి. స్కూటీ మీద ఎండలో ఆఫీసుకు వెళ్లేవారైతే మెడ మీద ఈ ప్రయోగం వద్దు.

అయితే అదే కొట్లో మీకు పనికొచ్చేది ఒకటుంది. వట్టివేరు అత్తరు. నారింజకూ వట్టివేరుకూ భలే పొత్తు. 2006లో వచ్చిన తెర్ దెర్మెస్ అనే ప్రసిద్ధ సెంటు నిలబడింది ఈ పొత్తు మీదే. స్నానం అయ్యాక మోచేతి మడతలో, మెడ వెనక అగ్గిపుల్ల కొనతో అంటించినంత వట్టివేరు అత్తరు రాసి, ఐదు నిమిషాలాగి, దాని మీద మామూలు కొలోన్ ధారాళంగా కొట్టుకోండి. నిమ్మ పోయాక కింద చల్లటి మట్టి, వేరు వాసన సాయంత్రం దాకా ఉంటుంది. చుక్క ఎక్కువైతే నిమ్మను మింగేస్తుంది, కాబట్టి అగ్గిపుల్ల మాట మరచిపోకండి. మధ్యాహ్నానికి కొలోన్‌ను పది మిల్లీలీటర్ల చిన్న స్ప్రేలో పోసి బ్యాగులో ఉంచుకోండి. 4711 లాంటి పాత కొలోన్లు ఇప్పటికీ దొరుకుతాయి, మీరు చూసిన సీసా ధరలో చిన్న ముక్కకు వస్తాయి. మీ అక్క వాసన అచ్చంగా రాదు. ఆ పావుగంట ఆనందం మాత్రం రోజుకు మూడుసార్లు వస్తుంది.

అక్క వాసనే కావాలంటే, నేనైతే 50 మిల్లీలీటర్ల సీసాతో మొదలుపెట్టమనను. 2 మిల్లీలీటర్ల శాంపిల్‌లో ఇరవై నొక్కులుంటాయి, లేదా చాలా కంపెనీలు 10 మిల్లీలీటర్ల ప్రయాణపు సైజు అమ్ముతాయి. మిల్లీలీటరు లెక్కన ధర ఎక్కువే పడుతుంది, పడనివ్వండి. ఆఫీసు ఉన్న రోజు, మీ ఊరి ఉక్కలో, మోచేతి లోపలి వైపు రెండు నొక్కులు. రుద్దకండి. పది నిమిషాలకు, నలభై నిమిషాలకు, రెండు గంటలకు, ఐదు గంటలకు ఒక్కో ముక్క రాసుకోండి, "నచ్చింది, పర్వాలేదు, లేదు" అని చాలు. ఇలా నాలుగైదు రోజులు. రెండో గంట వాసన కూడా మీకు నచ్చితేనే సీసా గురించి ఆలోచించండి. మొదటి పావుగంటే నచ్చి రెండో గంట "పర్వాలేదు" అయితే కొలోన్ దారి మీది. నూలు దుపట్టా అంచున కొడితే చర్మం మీదకన్నా ఎక్కువసేపు ఉంటుంది. పట్టు మీద, ముత్యాల మీద, వన్ గ్రామ్ గోల్డ్ మీద వద్దు, మరకా పడుతుంది, మెరుపూ పోతుంది.

పెద్ద సీసాయే కొంటే 100 మిల్లీలీటర్లది చవకని తీసుకోకండి. ఈ జాతి సెంటు తెరిచాక రెండు, మూడేళ్లలో వాడేయాలి. బాత్‌రూమ్‌లో, కిటికీ పక్క డ్రెస్సింగ్ టేబుల్ మీద పెట్టకుండా, పెట్టెతో సహా బీరువా అడుగు అరలో ఉంచండి.

ఇక నాలుగు వేల అబద్ధం. డబ్బు మీదే, అడిగి కొనాల్సిన పని లేదు. కానీ నాలుగు వేలన్నారంటే ఇంట్లో అది నాలుగు వేల వస్తువే అవుతుంది. మీవారు క్రికెట్ ఆడి వచ్చి చొక్కా మీద పది నొక్కులు కొడతారు. మీ లెక్కలో 490 రూపాయలు, మీరు నోరెత్తలేరు. అత్తగారు చుట్టాలొచ్చినప్పుడు హాల్లో చల్లుతారు. ఆన్‌లైన్‌లో పేరు కొడితే ధర కనిపించే రోజులివి, అది బయటపడిన పూట గొడవ సెంటు గురించి ఉండదు. ఉన్న ధర చెబితే ఓ వారం నిమ్మకాయ జోకులు పడతాయి. ఏం చెప్పకుండా కొనడం మూడో దారి. దాచడం వేరు, తప్పు ధర చెప్పడం వేరు. ఆ తేడా మీ ఇంట్లో ఎంత బరువు తూగుతుందో మీకే తెలియాలి.

స్నేహితురాలి 1,800 కాపీ గురించి నా మాట కూడా నమ్మక్కర్లేదు. ఆమె దగ్గరున్నది ఒక నొక్కు అడగండి. మీ శాంపిల్, ఆ కాపీ, మామూలు కొలోన్, మూడు కాగితపు ముక్కలు. తెల్ల కాగితాన్ని వేలంత వెడల్పున కత్తిరిస్తే చాలు. మీవారి చేత వెనక అంకెలు వేయించి, ఆయన చేతే కొట్టించండి, మీరు వేరే గదిలో ఉండండి. వెంటనే ఒకసారి, అరగంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి వాసన చూసి వరస చెప్పండి. మధ్యలో ముక్కు మొద్దుబారితే మీ చీర కొంగు వాసన చూసుకోండి, కాఫీ గింజలు అక్కర్లేదు. తర్వాత మీరు అంకెలు వేసి, ఆయన చేత వాసన చూపించండి. నిమ్మకాయల గురించి ఆయన అప్పుడేమంటారో మాకూ రాయండి.